కాలకముందే చూడాలి



ఈ వారం కల్లు గురించి కాదు, కల్లు పట్టే లొట్టి గురించి రాస్తున్నాను. మన రామన్నపేట ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది గానీ, 2016 వరకు నల్లగొండ జిల్లాయే. ఈ పల్లెల్లో తాడు, ఈత చెట్లు ఎక్కే గౌడన్నకు లొట్టి చేసిచ్చింది కుమ్మరి. లొట్టికి సన్నని పగులుంటే రాత్రంతా చుక్క చుక్క కారింది తెల్లారేసరికి చెట్టు మొదట్లో ఇంకిపోతుంది. ఒకరి పనితనం మీద ఇంకొకరి ఇంటి కూడు ఆధారపడింది.

అందుకే కుమ్మరి పరీక్ష మట్టి దగ్గరే మొదలవుతుంది. చెరువు మట్టిని నానబెట్టి, కాళ్లతో తొక్కి, చేతికి తగిలిన ప్రతి రాయినీ ఏరేస్తాడు. చిన్న సున్నపురాయి మిగిలినా చాలు. కాలిన తరువాత అది తేమ పీల్చి ఉబ్బి, కుండను పెచ్చులుగా లేపుతుంది. సారె మీద నుంచి దించాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో కొడుతూ గోడను పలుచగా, సమంగా సాగదీస్తాడు. ఎండలో తొందరగా ఆరితే పగులుతుందని నీడలో ఆరబెడతాడు. చివరికి ఆములోంచి తీసి వేలితో కొట్టి వింటాడు. మంచి కుండ ఖంగుమంటుంది, పగిలింది బొంగురుగా పలుకుతుంది.

చిన్నప్పుడు ఒక పెద్దాయన, చూడడానికి బాగానే ఉన్న పచ్చి కుండను నలిపి మళ్లీ నానబోయడం చూశాను. ఎందుకు తాతా అంటే, "ఇప్పుడైతే మన్ను మళ్ల మన్నే బిడ్డా. కాలినంక పెంకే" అన్నాడు.

దూరదేశాల్లోనూ ఇదే జాగ్రత్త కనబడుతుంది. యేసు ప్రభువు దినాల్లో ద్రాక్షారసాన్ని తిత్తుల్లో, మట్టి జాడీల్లో పోసేవారు. ఆల్ప్స్ కొండల దగ్గర మాత్రం పట్టీలు బిగించిన కర్ర పాత్రల్లో నిలవ చేస్తారని 1వ శతాబ్దపు రోమా రచయిత ప్లినీ రాశాడు. నేటికీ ఫ్రాన్సులో ఓక్ చెక్కతో పీపాలు చేస్తారు. మన బైబిల్లో సింధూర వృక్షం అని చదివేది ఈ జాతి చెట్టునే. రసం ఊరిపోకుండా దుంగను నార వెంబడి చీలుస్తారు. ఆ బద్దలను రెండు మూడేళ్లు ఎండకూ వానకూ ఆరుబయట ఉంచుతారు. నిప్పు సెగ మీద వంచి, మేకు గానీ జిగురు గానీ లేకుండా ఇనుప పట్టీలతో బిగిస్తారు. బోర్డో పీపా 225 లీటర్లు పడుతుంది. అమ్మే ముందు లోపల వేడినీళ్లు పోసి దొర్లించి, ఎక్కడైనా చెమ్మ కనబడుతుందేమో వెదుకుతారు. కారితే ఆ బద్ద తీసి వేరేది వేస్తారు.

లొట్టికి ఆ అవకాశం లేదు. యిర్మీయా 18వ అధ్యాయంలో కుమ్మరి చేతిలో పాడైన మన్ను మరో పాత్ర అయింది. 19వ అధ్యాయంలో పగలగొట్టిన కూజా మళ్లీ బాగుపడలేదు. ఈ రెంటి మధ్య తేడా నిప్పే.

ఇప్పుడు చాలాచోట్ల చెట్లకు ప్లాస్టిక్ డబ్బాలు వేలాడుతున్నాయి. కుమ్మరి ఇళ్లలో ఆములు చల్లారుతున్నాయి. కానీ ఆ తాత మాట మనకు అవసరమే. పిల్లల్లో అబద్ధం, ఇంట్లో అలక, సంఘంలో చిన్న మనస్పర్థ కనబడినప్పుడు "తరువాత చూద్దాంలే" అంటాం. మన్ను మెత్తగా ఉన్నప్పుడే రాయి ఏరేయడం సులువు.

ఈ వారం మీ చేతికి తగిలిన ఒక్క రాయిని తీసి పక్కన పెట్టండి.