గాం సోదరులు ఎందుకు వెంట నడిచారు?

మన్యం పోరాటం అనగానే అల్లూరి సీతారామరాజు పేరు చెబుతాం. చెప్పాల్సిందే. కానీ గాం గంటం దొర, గాం మల్లు దొర అనే అన్నదమ్ముల్ని మాత్రం ‘ముఖ్య అనుచరులు’ అని ఒక్క ముక్కలో ముగించేస్తాం. నాకు ఆ మాట నచ్చదు. అనుచరుడు అంటే ఎవరో పిలవగానే వెనకాల పోయిన మనిషి అనిపిస్తుంది. ఈ అన్నదమ్ములు అలా పోయినవాళ్లు కాదు.

రాజు రాకముందే గూడెం కొండల్లో కోపం రగులుతూ ఉంది. 1882 అడవి చట్టం వచ్చాక తాతల నాటి పోడు నేరమైపోయింది. రంప ప్రాంతం అంతకుముందే, 1879లో ఒకసారి తిరగబడింది. ఇక గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండల్లో రోడ్డు వేయిస్తూ మనవాళ్లను పనికి దింపి, కూలి సరిగా ఇవ్వలేదు. బట్టిపనుకుల మునసబు గంటం దొరకు అతనితో తగువు వచ్చింది. మునసబు పదవి పోయింది. అంటే సర్కారుతో తేల్చుకోవాల్సిన లెక్క గంటం దొరకు సొంతంగానే ఉంది.

మరి మైదానం నుంచి వచ్చిన పాతికేళ్ల మనిషి మాట ఆయన ఎందుకు విన్నాడు?

రాజు ఏం చెప్పాడన్నదాని కంటే ఏం చేశాడో చూడాలి. తాగుడు మానమన్నాడు, తాను ముట్టలేదు. తగువులు కోర్టుకు పోకుండా పంచాయతీలో తేల్చుకోమన్నాడు. 1922లో సర్కారు ఆయన్ని అనుమానించి పట్టుకుపోయింది. తర్వాత పైడిపుట్టలో భూమి ఇచ్చి, అక్కడే ఉండమంది. దున్నుకుని హాయిగా బతకొచ్చు. ఆయన ఆ భూమి వదిలేసి గూడెం కొండలకు తిరిగొచ్చాడు. భూమి కోసం అల్లాడుతున్న జనానికి, చేతికొచ్చిన భూమిని వదులుకున్న మనిషి ఎలా కనిపించి ఉంటాడు? ఉపాధ్యాయులు ఈ ప్రశ్న తరగతిలో అడిగి చూడండి. పిల్లల జవాబులు పుస్తకంలో ఉండవు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. ప్రతిచోటా రాజు ముందుండి నడిచాడు. తీసుకున్న ఆయుధాల లెక్క రాసి సంతకం పెట్టాడు, పేరు దాచుకోలేదు. పట్టుబడితే మొదటి ఉరి ఎవరికో దాంతో అందరికీ తెలిసిపోయింది. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్య దొరను విడిపించుకున్నారు. పట్టుబడ్డ మనిషిని వదిలేయరని ఊళ్లకు అర్థమైంది.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ముందు వస్తున్న మన దేశపు పోలీసుల్ని పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల్నే కాల్చారు. గురి చూడడం, కదలకుండా కాచుకోవడం కొండవాళ్ల విద్య. ఆ విద్య రాజు నేర్పింది కాదు, ఆయనే మనవాళ్ల దగ్గర నేర్చుకుని ఉండాలి. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు.

అందరూ రాలేదు. కొందరు ముఠాదారులు సర్కారు పక్షాన నిలిచారు. అది దాచనక్కర్లేదు. రాకుండా ఉండే వీలు ఉన్నప్పుడు వచ్చినవాళ్లు గనుకే, వచ్చినవాళ్ల రాక విలువైనది. రాజు తలకు 10,000 రూపాయల వెల కట్టారు. ఆ రోజుల్లో కొండ మీద ఎవరూ కళ్లజూడని సొమ్ము. మలబారు పోలీసులు వచ్చారు, తర్వాత అస్సాం రైఫిల్స్ దిగాయి. ఊళ్లకు తిండి కష్టమైంది. అయినా దాదాపు రెండేళ్లు ఆయన ఆ అడవుల్లోనే తిరగగలిగాడంటే, ఎన్ని ఇళ్లు అన్నం పెట్టి నోరు మూసుకున్నాయో లెక్కేసుకోండి. ఆ ఇళ్లవాళ్ల పేర్లు ఏ దస్తావేజులోనూ లేవు.

1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు. నాయకుడి మీద మోజుతో వచ్చినవాడైతే గంటం దొర ఆ రోజే చేతులెత్తేసేవాడు. ఎత్తలేదు. ఇంకో నెల పోరాడి, జూన్‌లో తుపాకీ దెబ్బకే పోయాడు.

మల్లు దొర అంతకుముందే, 1923 సెప్టెంబరులో పట్టుబడ్డాడు. ఉరిశిక్ష వేశారు, తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చి అండమాన్ పంపారు. 1937లో విడుదలయ్యాడు. 1952లో జరిగిన తొలి లోక్‌సభ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డాడు. అప్పట్లో ఆ స్థానం నుంచి ఇద్దరిని ఎన్నుకునేవారు. గెలిచిన ఇద్దరిలో ఒకరు గాం మల్లు దొర.