నీళ్లు తేర్చే గింజలు

1795లో లండన్‌లో అచ్చు మొదలైన ఒక పెద్ద బొమ్మల పుస్తకంలో నాలుగో బొమ్మ ముష్టి చెట్టుది, ఐదో బొమ్మ ఇండుప చెట్టుది. రెండూ దగ్గరి చుట్టాలే. ఒకదాని గింజ ప్రాణం తీస్తుంది, రెండోదాని గింజ బురదనీళ్లను తేరుస్తుంది. కొన్ని చోట్ల దీన్నే చిల్లగింజ అంటారు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆ పుస్తకం రాసింది విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో 1781 నుంచి 1793 దాకా మన సామర్లకోటలో మకాం వేసి, కంటపడిన మొక్కనల్లా ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మ గీయించాడు. తెలుగు పేర్లు అడిగి మరీ రాసుకున్నాడు.

ఇండుపగింజ గురించి ఆయన రాసింది చదువుతుంటే అప్పటి వంటింట్లో నిలబడి చూసినట్టే ఉంటుంది. పండి ఎండిన గింజలు ప్రతి సంతలోనూ అమ్మేవారట. జనం తేటగా ఉన్న బావినీళ్ల కన్నా ఏటినీళ్లూ చెరువునీళ్లే ఇష్టంగా తాగేవారట. మట్టికుండ లోపలి అంచుకు గింజను ఒకటి రెండు నిమిషాలు గట్టిగా రుద్ది, కదపకుండా వదిలేస్తే కాసేపట్లో మడ్డి అడుక్కు చేరేది. కుండ లోపల మెరుగు లేకుండా గరుకుగా ఉండాలి, గింజ అరిగేది అందుకే. యుద్ధాలకు వెళ్లే కంపెనీ అధికారుల్లో, సిపాయిల్లో ముందుచూపు ఉన్నవాళ్లు ఈ గింజల్ని వెంట ఉంచుకునేవారని కూడా రాశాడు. పటిక కన్నా సులువుగా దొరుకుతుందనీ, బహుశా ఒంటికి దానికన్నా తక్కువ చెరుపు చేస్తుందనీ ఆయన అభిప్రాయం.

సుశ్రుత సంహితలో నీళ్లు తేర్చే ఏడు సాధనాల జాబితా ఉంది. అందులో మొదటిది ఈ గింజే, సంస్కృతంలో కతకం. తామరదుంప, నాచు, గుడ్డ కూడా ఉన్నాయి. ముత్యం, గోమేదకం వంటివి మాత్రం రాజుగారి కూజా కోసం చేర్చినవేమోనని నా అనుమానం. మనుస్మృతి రాసినవారికి ఇది ఎంత అలవాటైన సంగతంటే, పేరు జపిస్తే చాలదు, పని చేయాలి అని చెప్పడానికి ఈ గింజనే దృష్టాంతంగా ఎత్తుకున్నారు. వినేవాళ్లకు వివరించాల్సిన అవసరమే రాలేదు.

అంత పాత అలవాటును పటిక పక్కకు నెట్టింది. 1885లో అమెరికాలోని రట్గర్స్ ఆచార్యులు న్యూ బ్రన్స్‌విక్ ఊరి నీళ్ల మీద పటికను లెక్కకట్టి పరీక్షించారు. కొళాయిలున్న ఊళ్లకు కావలసింది అదే: ఏడాదంతా దొరికేది, బస్తాల్లో నిలవుండేది, ఒకే పాళ్లలో పనిచేసేది. గింజ కుండకు చాలింది కానీ ఊరికి చాలలేదు.

మళ్లీ గింజ ఊసెత్తింది సూడాన్ ఆడవాళ్లు. ఇక్కడ గింజ మారింది, మన మునగ వచ్చింది. వరద రోజుల్లో నైలు నది నీళ్లు తాగలేనంత బురదగా ఉంటే, వాళ్లు ముదిరిన మునగగింజల పొట్టు తీసి, తెల్లపప్పు దంచి, కాసిని నీళ్లలో కలిపి బానలో పోసి తిప్పేవారు. ముందు వేగంగా, తర్వాత నెమ్మదిగా. గంటా గంటన్నరలో నీళ్లు తేరేవి. ఈ పద్ధతిని ప్రయోగశాలకు తీసుకెళ్లింది సామియా అల్ అజ్హరియా జాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త. సంప్రదాయ నీటిశుద్ధి మీద ఆమె పుస్తకం 1981లో వచ్చింది. సాంబారులో ముక్కలు చీకి పిప్పి ఊసేసే మనకు ముదిరిన కాయంటే పారేసేదే.

లోపల జరిగేది ఇదీ. నీటిలో తేలే బంకమట్టి రేణువులకు రుణావేశం ఉంటుంది. అన్నింటికీ ఒకటే ఆవేశం కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటూ రోజుల తరబడి అడుక్కు దిగవు. మునగగింజలోని ఒక చిన్న మాంసకృత్తుకు ధనావేశం. అది తగలగానే తోపులాట ఆగి, రేణువులు దూదిపింజల్లా ముద్దకట్టి దిగిపోతాయి. ఇండుపగింజ దారి వేరు. దానిలోని పొడవాటి చక్కెర గొలుసులు రేణువుకూ రేణువుకూ మధ్య వంతెన కడతాయి. బెండకాయ జిగట, నానిన మెంతుల జిగట కూడా ఈ జాతివే. టెక్సస్‌లోని టార్లటన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో రజనీ శ్రీనివాసన్ బృందం వీటితో మైక్రోప్లాస్టిక్ పట్టింది. 2025లో వెలువడిన ఫలితాల ప్రకారం బెండ సముద్రపు నీటిలో 80 శాతం దాకా, మెంతి భూగర్భ జలాల్లో 80 నుంచి 90 శాతం దాకా ప్లాస్టిక్‌ను తీసేశాయి.

ఊరికి చాలదన్న మాటను పరీక్షించడానికి 1990ల మొదట్లో లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు మలావీలోని థ్యోలో నీటిశుద్ధి కేంద్రంలో పటిక బదులు మునగపొడి వాడారు. 270 నుంచి 380 యూనిట్ల మురికితో వచ్చిన నీరు 4 యూనిట్ల లోపుకి దిగింది. పని బాగానే జరిగింది. కానీ లెక్క చూడండి: లీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున వేసుకున్నా 10 లక్షల లీటర్లకు రోజూ 100 కిలోల పప్పు కావాలి. దంచేదెవరు, అంత పప్పు ఏడాది పొడుగునా తెచ్చేదెవరు?

అసలు చిక్కు ఇంకొకటి. మునగ వాడితే అడుగున చేరే మడ్డి పటిక మడ్డిలో నాలుగైదో వంతే ఉంటుంది, పొలంలో పోసినా మట్టిలో కలిసిపోతుంది. కుళ్లడం దాని గొప్ప. మరి కుండలో మిగిలిన పిండి కూడా కుళ్లుతుంది కదా! 1987లో సూడాన్ నీళ్ల మీద జరిగిన పరీక్షలో మొదటి ఒకటి రెండు గంటల్లో 90 నుంచి 99.99 శాతం సూక్ష్మక్రిములు మడ్డితో పాటు దిగిపోయాయి. మర్నాటికి కొన్ని రకాలు మళ్లీ పెరిగాయి. గింజ మిగిల్చిన పోషకాలే వాటికి మేత. అందుకే పొద్దున తేర్చిన నీళ్లు ఆ పూటకే, అదీ కాచుకుని తాగాలి. పైగా నీటిలో కరిగిన విషాల సంగతి తేట చెప్పదు. మన నల్లగొండ ఫ్లోరైడ్‌కు నీరి సంస్థ రూపొందించిన పద్ధతి పటిక, సున్నాల మీదే నడిచింది. ఎండిన గుర్రపుడెక్క వేళ్ల పొడి గంటలో 93 శాతానికి పైగా ఆర్సెనిక్ లాగేస్తుందని 2005లో ఇంగ్లండ్‌లో తేల్చారు. బాగుంది, కానీ వేరు కుళ్లినా ఆర్సెనిక్ కుళ్లదు. ఆ పొడిని ఎక్కడ పారబోయాలి?

మునగ చిక్కుకు మాత్రం 2012లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపాయం దొరికింది. గింజ రసాన్ని మామూలు ఇసుకలో కలిపారు. ధనావేశమున్న మాంసకృత్తు ఇసుకరేణువుకు అంటుకుపోయింది. మిగిలిన నూనె, పిండి పదార్థాలను కడిగి పారబోశారు. కుళ్లే సరుకు ముందే పోయింది కాబట్టి తేర్చిన నీటిలో క్రిములకు మేత మిగల్లేదు. ఆ ఇసుక మట్టిని పట్టడమే కాదు, తగిలిన బ్యాక్టీరియాను చంపింది కూడా. పట్టు తగ్గాక గాఢమైన ఉప్పునీటితో ఇసుకను కడిగి, కొత్త గింజ రసం పట్టిస్తే మళ్లీ పనికొస్తుంది.