జిడ్డును జీర్ణించుకొను జీవులు

తొలకరి వాన కురిసిన మరునాడు వజ్రకరూరు చేలలో జనులు తలలు వంచి నేలను వెదకుచు తిరుగుట అనంతపురము సీమవారికి కొత్త కాదు. వజ్రమునకు ఒక వింత గుణము కలదు. అది నీటిని అంటనీయదు. జిడ్డు తగిలిన విడువదు. 19వ శతాబ్దము చివర దక్షిణాఫ్రికాలోని కింబర్లీ గనులవారు ఈ గుణమును కనిపెట్టి, బల్లలకు జిడ్డు పూసి, వానిపై తడికంకరను నీటితో పారించిరి. రాళ్లు కొట్టుకొనిపోయినవి, వజ్రములు అంటుకొని నిలిచినవి. గనిలో ఇంత మేలు చేసిన జిడ్డు మురుగుకాలువలో పేరుకొన్నచో మాత్రము తీరని బెడద. దానిని విరుగగొట్టు సూక్ష్మజీవుల చరిత్రయే నేటి మా ప్రసంగము.

జిడ్డు వదల్చుటకు మన పెద్దలు గిన్నెలకు బూడిదను, తలకు కుంకుడును, బట్టలకు చవుడును వాడిరి. రజకులు చవుటినీట తడిపిన బట్టలను ఉబ్బవేయుట మేము చిన్ననాట చూచియున్నాము. క్షారము, వేడి కలిసి కొవ్వులో కొంత భాగమును సబ్బుగా మార్చును. అందులకు కట్టెలు కావలెను. మన కడుపులో మాత్రము ఈ కొవ్వు విరుగుట కట్టె లేకయే జరుగుచున్నది!

ఆ రహస్యమును బయటపెట్టినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లోద్ బెర్నార్. కుందేటి ప్రేగులలో క్లోమరసము వచ్చి చేరుచోటు పైత్యరసము చేరుచోటికి చాల దిగువన ఉండును. కొవ్వు తిన్న కుందేటిని 1840ల చివర పరీక్షింపగా, క్లోమరసము కలిసిన తరువాతనే ప్రేగునుండి సాగు నాళములు పాలవలె తెల్లబడి కనబడినవి. కొవ్వు అచటనే విరుగుచున్నదన్నమాట. ఆ రసములోని ఎంజైమునకే తరువాత లైపేజ్ అను పేరు వచ్చినది. అది కొవ్వును గ్లిసరిన్‌గను, కొవ్వు ఆమ్లములుగను విడదీయును.

ఈ శక్తి సూక్ష్మజీవులకును కలదని 1901లో చూపినవాడు ఐక్‌మన్. బెరిబెరి వ్యాధికిని, తవుడు తీసి తెల్లగా పాలిషు చేసిన బియ్యమునకును గల సంబంధమును తెలిపిన డచ్చి వైద్యుడితడే. సూక్ష్మజీవికి జీర్ణకోశము లేదు గదా! అది ఎంజైమును వెలుపలికి విడిచి, ఆహారమును బయటనే జీర్ణింపజేసి, పిదప లోనికి పీల్చుకొనును. లైపేజ్ నీరును నూనెయు కలియు అంచుననే చురుకుగా పనిచేయునని 1958లో సర్దా, దెన్యుయెల్ అను ఇరువురు నిరూపించిరి. 1990లో దాని అణునిర్మాణము తెలిసినప్పుడు కారణమును బయటపడినది. పనిచేయు చోటుపై చిన్న మూత యున్నది; నూనె తగిలినప్పుడు అది తెరచుకొనును.

ఇక మన సీమ మాట. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు ఈ నేలకు దశాబ్దములుగా వేరుశనగయే ఆధారము. కాయ సరిగా ఎండక నిలువయైనచో బూజు పట్టును. ఆ బూజులోని లైపేజ్ గింజలోని నూనెను విరుచును, నూనెలో ఆమ్లము పెరుగును, ధర తగ్గును. మురుగులో మనము కోరు పనియే గాదెలో జరిగిన రైతు నష్టపోవుచున్నాడు. ఎంజైమునకు ఈ రెంటి భేదమెట్లు తెలియును?

1988లో డెన్మార్కు దేశపు నోవో సంస్థ ఒక బూజునుండి లైపేజ్ జన్యువును తీసి, మరొక బూజులో ప్రవేశపెట్టి, ఆ ఎంజైమును బట్టల సోడాపొడికై విరివిగా తయారుచేసినది. నూనెమరక వదలుటకు ఇక నీరు మరుగనక్కరలేదు. ఉబ్బకు కాలిన కట్టెలను తలచుకొన్న మాకు ఇది చిన్న విషయముగా తోచదు. గొఱ్ఱెతోళ్లలోని కొవ్వు తీయుటకును లైపేజ్ పనికివచ్చుచున్నది. ద్రావకముల వాడుక ఆ మేరకు తగ్గును.

నూనెమిల్లుల, పాలకేంద్రముల, హోటళ్ల మురుగునీటి సంగతి ఇంత సులభము కాదు. నీటిపై తేలు జిడ్డుపొర గాలిలోని ప్రాణవాయువును లోనికి పోనీయదు. లైపేజ్ దానిని విరుచును, నిజమే. కాని విరిగి వచ్చిన కొవ్వు ఆమ్లములు అచటనే మిగులును. అవి మితిమీరినచో, మురుగునుండి గ్యాసు పుట్టించు జీవులకే విషమగును. మా ప్రాంతపు బోరునీటిలో సున్నపుపాలు హెచ్చు. ఆ సున్నముతో ఈ ఆమ్లములు కలిసి కరగని సబ్బుగా మారి గొట్టములలో మరల గడ్డకట్టగలవు. కావున ఎంజైముపొడి చల్లి ఊరకుండిన చాలదు. ఆమ్లములను తినివేయు జీవులను కూడ ఆ తొట్టిలోనే పెంచి, వానికి చాలినంత గాలిని, వ్యవధిని ఇచ్చిన పిమ్మటనే ఆ నీటిని చెట్లకు పారింపవలెను.