హైదరాబాదు సంస్థానం: సార్వభౌమాధికార భావన, దాని పరిమితులు

ఉపోద్ఘాతం

'సార్వభౌముడు' అనే మాటకు సమస్త భూమికి ప్రభువు అని అర్థం. శ్రీనాథుని 'కవిసార్వభౌమ' బిరుదంలో కనిపించేది ఈ అర్థచ్ఛాయే. రాజనీతిశాస్త్రంలో 'సార్వభౌమాధికారం' అనే పారిభాషిక పదం ఇందుకు భిన్నమైనది. ఒక నిర్ణీత భూభాగంలో తనకంటె పై అధికారం లేకపోవడం దాని ఆంతరంగిక పార్శ్వం. ఇతర రాజ్యాల ఆజ్ఞకు లోబడకపోవడం బాహ్య పార్శ్వం. 1576లో ఫ్రెంచి న్యాయవేత్త జీన్ బోడిన్ దీనిని రాజ్యానికి ఉండే శాశ్వత, నిరపేక్ష అధికారంగా నిర్వచించాడు. 1832లో జాన్ ఆస్టిన్ దీనికి రెండు లక్షణాలు చెప్పాడు. ప్రజలలో అధికసంఖ్యాకులు అలవాటుగా విధేయత చూపడం మొదటిది. ఆ విధేయతను పొందే అధికారి తాను మరొకరికి అలవాటుగా విధేయుడు కాకపోవడం రెండోది. ఈ రెండు గీటురాళ్లపై హైదరాబాదు సంస్థాన చరిత్రను పరిశీలిస్తే సార్వభౌమాధికారపు అర్థంతో పాటు దాని హద్దులు కూడా స్పష్టమవుతాయి.

చిహ్నాలు - వాస్తవాధికారం

1724లో నిజాముల్ ముల్క్ దక్కనులో స్వతంత్రంగా పాలన ప్రారంభించాడు. అయినప్పటికీ అసఫ్‌జాహీలు మొగలు చక్రవర్తిపై నామమాత్రపు విధేయతను వదులుకోలేదు. హైదరాబాదు నాణేలపై 1857 తిరుగుబాటు వరకు మొగలు చక్రవర్తి పేరే ఉండేది. అంటే తొలి శతాబ్దంలో అధికారం నిజాముది, చిహ్నం ఢిల్లీది. తరువాతి కాలంలో ఈ స్థితి తలకిందులైంది. 20వ శతాబ్ది నాటికి నిజాముకు సొంత నాణెం, తపాలా, రైల్వే, సైన్యం ఉన్నాయి. దాదాపు 82,000 చదరపు మైళ్ల విస్తీర్ణం, 1941 జనగణన ప్రకారం కోటి అరవై లక్షలు దాటిన జనాభా ఉన్నాయి. కాని నిర్ణయాధికారం మరొకచోట ఉంది.

ఈ మార్పుకు మూలం 1798, 1800 సంవత్సరాల సైన్యసహకార ఒప్పందాలు. కంపెనీ సైన్యానికి అయ్యే ఖర్చుల కింద నిజాం అలీఖాన్ నేటి రాయలసీమ ప్రాంతాలను 1800లో ధారాదత్తం చేశాడు. దత్తమండలాలు అనే పేరు అలా వచ్చింది. కంపెనీకి తెలియకుండా అన్య రాజ్యాలతో సంప్రదింపులు జరపరాదన్న షరతుకూ ఒప్పుకున్నాడు. విదేశాంగ వ్యవహారాలు చేజారిన ఆనాడే బాహ్య సార్వభౌమత్వం ముగిసిందని చెప్పవచ్చు. సైనిక వ్యయపు బాకీల కింద 1853లో బీరారు ప్రాంతం కంపెనీ పాలనలోకి వెళ్లింది. 1902లో కర్జన్ కాలంలో ఏటా 25 లక్షల రూపాయలకు అది శాశ్వత కౌలుగా మారింది.

పరమాధికార సిద్ధాంతం

బీరారును తిరిగి ఇవ్వాలని మీర్ ఉస్మాన్ అలీఖాన్ పట్టుబట్టాడు. సంస్థానం ఆంతరంగిక వ్యవహారాలలో తాను బ్రిటిషు ప్రభుత్వంతో సమాన స్థాయిలో ఉన్నానని వాదించాడు. 1926 మార్చిలో వైస్రాయి రీడింగ్ ఇచ్చిన సమాధానం ఈ వాదాన్ని పూర్తిగా తోసిపుచ్చింది. బ్రిటిషు చక్రవర్తి ఆధిపత్యం కేవలం ఒప్పందాల నుంచి పుట్టినది కాదనీ, ఏ సంస్థానాధీశుడూ సమాన హోదాలో సంప్రదింపులు జరపజాలడనీ దాని సారాంశం. 1929లో బట్లర్ కమిటీ నివేదిక కూడా ఈ పరమాధికారానికి నిర్దిష్ట నిర్వచనం ఇవ్వకుండా, అది సర్వోన్నతంగానే ఉండాలని తేల్చింది. నిర్వచనానికి అందని అధికారం ముందు ఒప్పంద పత్రాలు నిలవలేదు. 1918లో నిజాముకు లభించిన 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' బిరుదును సైతం బ్రిటిషు చక్రవర్తే ప్రసాదించాడన్నది గమనార్హం.

ఆంతరంగిక పరిమితి

సంస్థానం లోపల సైతం అధికారం ఏకముఖంగా లేదు. దివానీ ప్రాంతం మాత్రమే ప్రభుత్వ ప్రత్యక్ష పాలనలో ఉండేది. సర్ఫెఖాస్ భూములు నిజాము సొంత ఆస్తి. పాయెగాలు, జాగీర్లు, గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలు వేరుగా ఉండేవి. పెద్ద జాగీర్దార్లలో కొందరికి సొంత పోలీసు, న్యాయస్థానాలు ఉండేవి. గ్రామంలో రైతు ఎదుట కనిపించిన రాజ్యం నిజాము కాదు. వెట్టి చేయించుకొనే దొర, లెవీ ధాన్యం వసూలు చేసే పట్వారీ.

ఈ పాలనకు ప్రజల సమ్మతి పొందే మార్గాలు మూసుకుపోయాయి. 1938లో ఏర్పడుతూనే హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు నిషేధానికి గురైంది. 1946 జూలైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణం తరువాత నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో ఉద్యమం వేగంగా వ్యాపించింది. అనేక గ్రామాలలో వెట్టి ఆగింది, భూముల పంపకం జరిగింది, తగవులను సంఘాలే పరిష్కరించాయి. ఆస్టిన్ చెప్పిన 'అలవాటైన విధేయత' అక్కడ తెగిపోయింది. దానిని బలప్రయోగంతో తిరిగి నెలకొల్పడానికి రజాకార్లు చేసిన దాడులు ప్రభుత్వంపై మిగిలిన విశ్వాసాన్ని కూడా హరించాయి.

1947-48: న్యాయసూత్రం, వాస్తవం

1947 భారత స్వాతంత్ర్య చట్టం ప్రకారం పరమాధికారం రద్దయింది. అది నూతన ప్రభుత్వాలకు బదిలీ కాలేదు. దీని ఆధారంగా తాను స్వతంత్ర సార్వభౌముడినవుతానని 1947 జూన్‌లో నిజాము ప్రకటించాడు. చట్టం అక్షరాలను బట్టి చూస్తే ఈ వాదంలో బలం ఉంది. పై అధికారం తొలగినప్పుడు మిగిలేది స్వాతంత్ర్యమే కదా అన్నది దాని తర్కం. అయితే పై అధికారం తొలగినంత మాత్రాన కింది నుంచి సమ్మతి పుట్టదు. ఆగస్టు 7న స్టేట్ కాంగ్రెసు భారత యూనియన్‌లో చేరాలంటూ ఉద్యమం ప్రారంభించింది.

నవంబరు 29న ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం కుదిరింది. రక్షణ, విదేశాంగ, సమాచార వ్యవస్థల ఏర్పాట్లు పూర్వంలాగే కొనసాగాలని అందులో ఉంది. భారత కరెన్సీ చలామణిపై ఆంక్షలు, పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల రుణం ఒప్పంద ఉల్లంఘనలని భారత ప్రభుత్వం ఆరోపించింది. ఆర్థిక దిగ్బంధం విధించారని హైదరాబాదు ఆరోపించింది. 1948 ఆగస్టులో సంస్థానం భద్రతా మండలిని ఆశ్రయించింది. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 16న పారిస్‌లో మండలి ఈ అంశాన్ని చేపట్టినప్పుడు, హైదరాబాదు అసలు 'రాజ్యమే' కాదని భారత ప్రతినిధి రామస్వామి ముదలియార్ అభ్యంతరం తెలిపాడు. 17న నిజాము లొంగిపోయి, తరువాత ఫిర్యాదును ఉపసంహరించుకున్నాడు. బాహ్య సార్వభౌమత్వానికి ఇతరుల గుర్తింపు ఎంత అవసరమో, ఆ గుర్తింపు బలాబలాలపై ఎంతగా ఆధారపడుతుందో ఈ ఐదు రోజులు తెలియజేస్తాయి.

ముగింపు

విజయం దానంతట అదే సార్వభౌమాధికారానికి నైతిక సమర్థన కాజాలదు. సైనిక చర్య అనంతరం మరాఠ్వాడా తదితర ప్రాంతాలలో ముస్లిం ప్రజలపై జరిగిన హింసాకాండను భారత ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ బృందం నమోదు చేసింది. తెలంగాణ గ్రామాలలో సాయుధ పోరాటం 1951 అక్టోబరు వరకు కొనసాగింది. తన పౌరులను కాపాడలేని రాజ్యాన్ని వేసే ప్రశ్న నిజాముకూ, అతని స్థానంలో వచ్చిన ప్రభుత్వానికీ సమానంగానే వర్తిస్తుంది.

1950 జనవరి 26 నుంచి రాజ్‌ప్రముఖ్‌గా మారిన ఉస్మాన్ అలీఖాన్ రాజ్యాంగానికి లోబడిన పదవిలో నిలిచాడు. 1952 ఎన్నికలలో ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. నాణెం, ముద్ర, బిరుదు, ఒప్పందం సార్వభౌమాధికారానికి చిహ్నాలు మాత్రమే. దానికి ప్రాణం ప్రజల సమ్మతి. ఆ సమ్మతిని అడగని రాజ్యానికి బయటి హద్దు కంటె ముందే లోపలి హద్దు ఎదురవుతుందని హైదరాబాదు చరిత్ర నిరూపిస్తున్నది.