గళ్ల కాగితం కథ

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలో గ్రూప్స్‌కు చదువుతున్న కుర్రాడు మనసు బాగాలేదంటే చుట్టూ ఉన్నవాళ్లు చెప్పేది ఒకటే: ‘ఎక్కువ ఆలోచించకు, ధైర్యంగా ఉండు.’ కౌన్సెలింగ్‌లో అలా చెప్పరు. గళ్లు గీసిన కాగితం ఇచ్చి రాసుకు రమ్మంటారు. ఏం జరిగింది? ఫలితాల్లో నంబరు లేదు. అప్పుడు మనసులో మెదిలిన మాట? ‘ఇక నా వల్ల కాదు.’ దిగులు ఎంత? నూటికి 90. ఆ మాటకు రుజువేమిటి, దానికి ఎదురు రుజువేమిటి? కిందటిసారి ప్రిలిమ్స్ దాటిన సంగతి అతనికి ఆ గడి దగ్గరే గుర్తొస్తుంది. దిగులు 60కి దిగినా ఆ పూటకు పెద్ద గెలుపే.

ఈ పద్ధతికి మూలపురుషుడు ఫిలడెల్ఫియా వైద్యుడు ఆరన్ బెక్. మనిషి తనమీదికే తిప్పుకున్న కోపమే డిప్రెషన్ అన్నది ఆయన నేర్చుకున్న ఫ్రాయిడ్ సంప్రదాయం. దాన్ని రుజువు చేద్దామని రోగుల కలలు పరిశీలిస్తే కోపం బదులు ఓటమి, నష్టం, తిరస్కారం కనిపించాయి. ఆయన సిద్ధాంతాన్ని పక్కనపెట్టి రోగుల మాట నమ్మారు. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే. 1977లో వెలువడిన పరిశోధనలో, అలా పుట్టిన ఈ చికిత్స డిప్రెషన్‌కు వాడే ఇమిప్రమిన్ మాత్రలకు ఏమాత్రం తీసిపోలేదు.

ఆందోళన వైద్యం ఇంకా పాతది. 1924లో మేరీ కవర్ జోన్స్, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పసివాడికి ఇష్టమైన తిండి పెడుతూ కుందేలును కొద్దికొద్దిగా దగ్గరకు తెచ్చి భయం పోగొట్టారు. మెట్రో ఎక్కితే గుండె దడదడలాడే మనిషికి నేటికీ అదే దారి: ముందు చైతన్యపురి ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడటం, తర్వాత ఒక్క స్టేషన్ ప్రయాణం, ఆపైన రెండు.

మన దగ్గర మానసిక వైద్యమంటే చాలాకాలం ఎర్రగడ్డ ఆసుపత్రే. ఆ ఆసుపత్రి అక్కడికి వచ్చింది 1953లో. ఆ పేరును తిట్టుగా వాడి ఎందరినో వైద్యానికి దూరం చేశాం. ఇది నిజంగా బాధాకరం. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్బీనగర్ దాకా వచ్చాక, దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి రైలు మారకుండానే ఎర్రగడ్డలో దిగొచ్చు. మానసిక వైద్యం పొందడం హక్కని 2017 చట్టం చెబుతోంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ హెల్ప్‌లైన్‌కు 14416 నంబరులో ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. దానికి ఫీజు లేదు.