అమ్మమ్మ చదివిన బోర్డింగు

బోర్డింగు అంటే మా పిల్లలకు విమానం ఎక్కడం. మా అమ్మమ్మ నోట ఆ మాట వస్తే మాత్రం గుంటూరు జిల్లాలో ఒక పెంకుటింటి వసారా, ఇనప గంట, వరసగా పరిచిన ఈతచాపలు కళ్ళకు కట్టేవి. మన సంఘంలో చాలామందికి ఈ సంగతులు తెలియవు కనుక ఈసారి సంచికకు అవే రాస్తున్నాను.

లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చింది 1842లో. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, 1898లో అక్కడ స్త్రీలకు ఆసుపత్రి తెరిచారు. 1901 జనాభా లెక్కల నాటికి దేశంలో చదవను రాయను వచ్చిన ఆడవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. పల్లెలో మిషను బడి ఉన్నా చిన్న తరగతులతోనే ఆగిపోయేది. ఊరి బడికి పోదామంటే మాల, మాదిగ పిల్లలను చాలాచోట్ల గడప దాటనిచ్చేవారు కాదు. అందుకే పట్నంలో బోర్డింగు. దొరసానులు మతం కోసమే వచ్చారు, నిజమే. అమ్మమ్మ ఆ మాట దాచేది కాదు. కానీ ఈనాడు నేనిక్కడ డాక్టరునంటే, దానికి మొదలు ఆ ఈతచాపే.

అమ్మమ్మ 1942లో, పదేళ్ళప్పుడు చేరింది. తెల్లవారకముందే గంట. నీళ్ళు తోడే వంతు, ఊడ్చే వంతు, వడ్లు దంచే వంతు. తరువాత ప్రార్థన, గంజి, బడి. సాయంత్రం కుట్టుపని, లేసు అల్లిక, లాంతరు చుట్టూ చదువు. శనివారం తలంట్లు, ఒకరి వెనక ఒకరు కూర్చుని పేలు చూసుకోవడం. "అదే మాకు సినిమా" అనేది. ఆ ఏడే బర్మా జపాను చేతికి పోయి, అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. బోర్డింగులో వరన్నం తగ్గి జొన్న సంకటి వచ్చింది. ఇంకొంచెం పెట్టమన్నందుకు అమ్మమ్మను ఒక పూట నిలబెట్టారట. ఆ మేట్రనమ్మ పేరు రాయను. ఆవిడా చిన్నప్పుడు అలాంటి బోర్డింగులో పెరిగిన మనిషేనట.

ఆకలికంటే ఉత్తరాల సంగతే అమ్మమ్మ ఎక్కువ చెప్పేది. నెలకొక కార్డు. మేట్రనమ్మ చదివాకే పోస్టులో పడేది. పల్లెలో మా తాతమ్మకు చదువు రాదు. పంతులుగారు చెట్టుకింద పదిమందిలో చదివి వినిపించేవారు. "నన్ను తీసుకుపో అమ్మా" అని అందరి ముందూ ఎలా రాస్తుంది? "నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" అని రాసేది. ప్రతి నెలా అదే.

వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు తాతమ్మ చేత పలకమీద అఆలు దిద్దించింది. పొద్దంతా కూలికి పోయి వచ్చిన చెయ్యి, బలపం పట్టు తెలియక విరిచేసేది. రెండు వేసవులు పట్టింది. 1944లో బోర్డింగుకు ఒక కార్డు వచ్చింది. పంతులుగారి దస్తూరీ కాదు. మేట్రనమ్మ చదివి, ఏమీ అనకుండా అమ్మమ్మ చేతిలో పెట్టిందట. పైకీ కిందికీ పోయిన అక్షరాల్లో రెండే మాటలు: "తినావ తల్లి".

అమ్మమ్మ తరువాత నర్సు అయింది. ఆ కార్డు ఇప్పుడు మా అమ్మ బైబిల్లో ఉంది.