స్కార్పియన్స్ - మనుషులు మారినా మారని పేరు

మనవాళ్ళలో చాలామందికి స్కార్పియన్స్ అంటే 'విండ్ ఆఫ్ చేంజ్' ఒక్కటే. అందులో ఈల వినని హాస్టల్ రూమ్ ఉండదేమో! కానీ 1990లో ఆ పాట వచ్చేసరికే ఆ బ్యాండుకి పాతికేళ్ళు. ఆలోపు ఎంతమంది వచ్చారో, ఎంతమంది పోయారో చూస్తే మన కంపెనీల అట్రిషన్ ఏపాటి అనిపిస్తుంది :-)

1965లో జర్మనీలోని హానోవర్‌లో రుడాల్ఫ్ షెంకర్ అనే గిటారిస్టు ఈ బ్యాండు మొదలుపెట్టాడు. అప్పట్నుంచీ కదలకుండా ఉన్నది ఆయనొక్కడే. గాయకుడు క్లౌస్ మైనె, రుడాల్ఫ్ తమ్ముడు మైకేల్ తర్వాత చేరారు. 1972లో తొలి ఆల్బం 'లోన్సమ్ క్రో' వచ్చింది. మరుసటేడే మైకేల్‌ని బ్రిటన్ బ్యాండు యూఎఫ్ఓ లాగేసుకుంది.

సొంత తమ్ముడే పోయాక గ్రూపు దాదాపు మూతపడింది. రుడాల్ఫ్ వెళ్ళి ఉలి జాన్ రోత్ ఉన్న 'డాన్ రోడ్' అనే గ్రూపుతో కలిశాడు, క్లౌస్‌నీ రప్పించాడు. మనుషులు ఎక్కువమంది డాన్ రోడ్ వాళ్ళే, పేరు మాత్రం స్కార్పియన్స్ అనే పెట్టుకున్నారు. ఎందుకంటే జనానికి తెలిసిన పేరు అదే. కోడంతా కొత్తది, ప్రాజెక్టు పేరు పాతది అన్నమాట.

రోత్ నాలుగు స్టూడియో ఆల్బమ్‌లు చేసి, 1978లో టోక్యో కచేరీల తర్వాత తన దారి చూసుకున్నాడు. ఆయన స్థానంలో మథియాస్ జాబ్స్ వచ్చాడు. ఇంతలో మైకేల్ తిరిగొస్తే జాబ్స్‌ని పక్కనపెట్టారు, మైకేల్ మళ్ళీ పోతే మళ్ళీ జాబ్స్‌నే పిలిచారు. ఆయన ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

అసలు పరీక్ష 1981లో వచ్చింది. క్లౌస్ గొంతు పోయింది. స్వరపేటికకు ఆపరేషన్ అన్నారు. వేరేవాణ్ణి చూసుకోమని క్లౌసే చెప్పాడట. ఇంతమందిని మార్చిన బ్యాండుకి ఇంకొకణ్ణి తెచ్చుకోవడం పెద్ద కష్టమేం కాదు. డెమోలకి పాడటానికి డాన్ డోకెన్ వచ్చాడు కూడా. అయినా క్లౌస్ కోసం ఆగారు. 1982లో 'బ్లాకౌట్' ఆయన గొంతుతోనే వచ్చింది. రెండేళ్ళకి 'రాక్ యూ లైక్ ఎ హరికేన్', 'స్టిల్ లవింగ్ యూ' వచ్చాయి.

1989 ఆగస్టులో మాస్కో ఫెస్టివల్లో పాడి వచ్చాక 'విండ్ ఆఫ్ చేంజ్' రాసిందీ, బాణీ కట్టిందీ ఆ క్లౌసే. 1981లో ఆయన్ని వదిలేసుకుని ఉంటే ఈ పాటే లేదు.

తర్వాతా మార్పులు ఆగలేదు. బాసిస్టు బుఖోల్జ్ 1992లో వెళ్ళిపోయాడు. 2016లో డ్రమ్స్ దగ్గరికి మోటర్‌హెడ్ నుంచి మిక్కీ డీ వచ్చాడు. 2010లో ఇక సెలవన్నారు, మనసు మార్చుకుని 2022లో కూడా 'రాక్ బిలీవర్' తెచ్చారు.

ఎవరు పోయినా బండి నడుస్తుందని మన మేనేజర్లు తరచూ అంటుంటారు. స్కార్పియన్స్ కథ చూస్తే అది సగం నిజమే అనిపిస్తుంది. గిటారిస్టులూ డ్రమ్మర్లూ మారినా బండి నడిచింది. గొంతు పోయినవాడి కోసం మాత్రం ఆగాల్సి వచ్చింది. ఎవరికోసం ఆగాలో రుడాల్ఫ్‌కి తెలుసు. ఈ తెలివి మన ప్రాజెక్టుల్లో ఎంతమందికి ఉందంటారు?